పొరుగింటి పెరట్లో పరంజా

గిలెన్ మంచం మీద మనవరాలి చొక్కాలూ, మేజోళ్ళూ, ఉన్ని టోపీలూ పరిచి, ఒక్కొక్కటే మడతపెట్టి సంచిలో సర్దుతోంది. మంచం పక్కనే ప్లాస్టిక్ బకెట్ ఉంది. కప్పు సందులోంచి కారుతున్న వాన నీళ్ళు అందులో టప్... టప్... మని పడుతున్నాయి. గుమ్మంలో నిలబడి చూస్తున్న సొలెన్‌కి ఆ ఒక్కొక్క చుక్కా తన గుండె మీదే పడుతున్నట్టుంది.

"సగం బట్టలు చెమ్మ వాసన," అంది గిలెన్ తలెత్తకుండా. "తూర్‌లో మా ఇంటికి వెళ్ళగానే అన్నీ ఉతికి హీటరు మీద ఆరేస్తాను. వసంతం దాకా లీన్ నా దగ్గరే ఉంటుంది. బడి కూడా మాట్లాడాను. మా వీధి చివరే."

"అత్తయ్యా... ఇంకొక్క వారం ఆగండి. కప్పు పని మొదలవుతుందేమో..."

"ఏమో, ఏమో. ఈ ఇల్లు కొన్న దగ్గర్నించీ ఈ 'ఏమో' తప్ప నీ నోట ఇంకో మాట విన్లేదు నేను. పిల్ల దగ్గు నీకు వినిపించడం లేదా? నాకు అక్కడ, ఫోన్లో వినిపిస్తోందే!"

వినిపించకపోవడమేమిటి... నాలుగేళ్ళ పిల్ల దగ్గిన ప్రతిసారీ సొలెన్ ఊపిరి ఆగిపోతోంది. పాలు కాచి ఇవ్వడం, వీపు రాయడం, నుదుటి మీద చెయ్యి వేసి చూడటం, మళ్ళీ చూడటం... తన తప్పేనా? తన పట్టుదల వల్లే కన్నబిడ్డకి ఇలా అవుతోందా? ఈ ప్రశ్న ఆమెని అన్నం దగ్గర కూర్చోనివ్వడం లేదు, కంటిమీద కునుకు పడనివ్వడం లేదు.

కిటికీ దగ్గర నిలబడిన భర్త సిప్రియాన్ వైపు చూసింది, ఒక్క మాట సాయం చేస్తాడేమోనని. అతను వానలోకే చూస్తూ అన్నాడు. "వడ్రంగి రెజిస్ ఫోన్ చేశాడు. ఉత్తరం వైపు కప్పు వేయాలంటే పరంజా పక్కింటి ఉగెట్‌గారి పెరట్లోనే నిలబెట్టాలి, వేరే దారి లేదన్నాడు. పొద్దున వెళ్ళి అడిగాడట. ఆవిడ కుదరదంది."

"కుదరదందా? ఎందుకూ?"

"ఎందుకో చెప్పలేదు. తలుపు వేసేసుకుందట. రెజిస్‌కి ఈ నెలే ఖాళీ. తర్వాతంటే మళ్ళీ వసంతమే. దూలాలు ఇంకో చలికాలం ఆగవు, సొలెన్." అతను కిటికీ వదిలి ఇటు తిరిగాడు. "నేనింక చెయ్యలేను. ఈ నెలలో కప్పు మొదలవకపోతే అమ్మేద్దాం."

కొర్రేజ్ కొండల్లో, పట్టుమని పది గడపలు లేని వెర్నేజ్ అనే పల్లెలో ఉంది ఆ ఇల్లు. దగ్గరి పట్నం బ్రీవ్‌లో, ఒక బేకరీలో రొట్టెలమ్మే పని చేస్తున్నప్పుడు, ఒక ఆదివారం భర్తతో ఊరికే తిరుగుతూ చూసింది సొలెన్. నల్లరాతి పలకల కప్పు, మనిషెత్తు దాటి పెరిగిన దురదగొండి, గుమ్మం పక్కన విరిగిన రాతి బెంచీ. లోపలికి వెళ్ళి గోడ మీద చెయ్యి వేసింది. ఎంత మందం ఆ గోడ! బయట ఎండ మండిపోతుంటే లోపల కుండలో నీళ్ళంత చల్లగా ఉంది. గోడలో కట్టిన పొయ్యి ఎంత పెద్దదంటే, లోపల మనిషి నడుం వంచకుండా నిలబడొచ్చు. అప్పుడే, అక్కడే, ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆమె పుట్టి పెరిగిందంతా అద్దె గదుల్లోనే. గోడకి మేకు కొట్టకూడదు, బూట్లతో నడవకూడదు, ఇంటివాళ్ళు పొమ్మంటే రెండు సంచులు పట్టుకుని తల్లి వెంట నడవాలి. ఈ గోడని చూస్తే, ఇది ఎవరినీ పొమ్మనదు అనిపించింది. తాళాలు చేతికొచ్చిన రోజున ఆమె చేసిన మొదటి పని గోడకి మేకు కొట్టడం. దానికి ఏమీ తగిలించలేదు. ఊరికే కొట్టింది, అంతే.

ఆ తర్వాత ఆదివారాలన్నీ ఆ ఇంటికే ధారపోశారు. ఎవరో ఎప్పుడో పూసిన సిమెంటు పూతని ఉలితో గీకితే లోపల్నించి రాయి బయటపడేది. బూడిద రంగే, కానీ ఎండ పడితే తేనెరంగు. నేల మీది రబ్బరు షీటు పీకితే చెక్క పలకలు. ఒక్కొక్కటే బయటపడుతుంటే సొలెన్‌కి ఒళ్ళు తెలిసేది కాదు. సున్నం కలిపి కలిపి అరచేతులు పగిలిపోయాయి, గోళ్ళు అరిగిపోయాయి... అయినా ఆ సాయంత్రాలంత నిండుగా ఆమె జీవితంలో ఏ సాయంత్రమూ గడవలేదు. ఇప్పుడు ఆ ఇంటినే అమ్మేద్దామంటున్నాడు.

సిప్రియాన్ కింద బకెట్లు ఖాళీ చేయడానికి వెళ్ళాడు. గిలెన్ సంచి జిప్పు లాగి, కోడలి వైపు తిరిగింది.

"సరే, నాకొకటి చెప్పు. ఆ పక్కింటావిడని నువ్వేం చేశావు?"

"నేనేం చేశానత్తయ్యా? సరిగ్గా మాట్లాడుకుందే లేదు. ఈ ఇల్లు ఆవిడదీ, ఆవిడ తమ్ముళ్ళదీను. వాళ్ళమ్మ పోయాక అమ్మారు. సంతకాల రోజున చూశాను, నల్లకోటు వేసుకుని వచ్చి, మా వంక కూడా చూడకుండా సంతకం పెట్టి వెళ్ళిపోయింది. మేము కనిపిస్తే కిటికీ వేసుకుంటుంది. అలాంటి మనిషిని కదిలించడం ఎందుకని నేనే దూరంగా ఉన్నాను."

"ఊరికే ఎవరూ తలుపెయ్యరమ్మా. ఆలోచించు. ఈ మధ్య ఏం జరిగింది?"

"ఏం జరిగిందీ... ఆగస్టులో చర్చి ముందు అటక సంత జరిగింది. అందరూ అటక మీది పాత సామాన్లు తెచ్చి బల్లల మీద పెట్టుకుంటారు కదా. మేము కూడా పెట్టాం. ఇల్లు సామానుతో సహా అమ్మారు, అటక నిండా అవే. చెక్క బూట్లు, కాఫీ మరలు, గంపలు, దుప్పట్లు... ఆ రోజు ఊరివాళ్ళు వచ్చి చూసి వెళ్ళిపోయారే గానీ ఒక్కరూ కొనలేదు. అంతా బయటూరివాళ్ళే కొన్నారు."

గిలెన్ మొహంలో ఏదో మారింది. "దుప్పట్లంటే ఎలాంటివి?"

"నారబట్టవి. మూలన ఎర్రదారంతో రెండక్షరాలు కుట్టి ఉన్నాయి."

గిలెన్ మెల్లగా మంచం మీద కూర్చుంది.

"ఈ ఊళ్ళోనే పెట్టావా వాటిని బల్ల మీద?" అంది. "వాళ్ళమ్మ తన పేరు అక్షరాలు కుట్టుకున్న దుప్పట్లని, ఆ కూతురు రోజూ నడిచే చోట?"

సొలెన్ తెల్లబోయి చూసింది.

"మా అమ్మ పోయినప్పుడు మా తమ్ముడు ఆవిడ బట్టలన్నీ ఎవరికో ఇచ్చేశాడు," అంది గిలెన్. ఆమె గొంతు అంత మెత్తగా పలకడం సొలెన్ ఎన్నడూ వినలేదు. "తర్వాతెప్పుడో మార్కెట్లో మా అమ్మ నీలం కోటు కనిపించింది. ఎవరో ఒకావిడ వేసుకుని ఉల్లిపాయలు ఏరుకుంటోంది. నేను ఆమె వెనకాలే నడిచాను, తను బస్సెక్కేదాకా. ఆవిడ తప్పేముంది చెప్పు? అయినా ఇప్పటికీ ఆ మనిషంటే నాకు కోపమే..." కళ్ళు తుడుచుకుని, వెంటనే మామూలు గొంతులోకి వచ్చేసింది. "వెళ్ళు. ఆవిడ దగ్గరికి వెళ్ళు. పరంజా మాట మాత్రం ఎత్తకు."

ఉగెట్ వంటింటి బల్ల ముందు కూర్చుని చిన్న చెక్కసుత్తితో అక్రోట్లు కొడుతోంది. డెబ్భై దాటిన మనిషి, కానీ దెబ్బ తప్పడం లేదు. తెరిచి ఉన్న తలుపు దగ్గర సొలెన్ నీడ పడగానే, "పరంజా గురించైతే పొద్దునే చెప్పేశాను," అంది.

"పరంజా గురించి కాదండీ."

"గుడ్లయితే లేవు. చలికి కోళ్ళు పెట్టడం మానేశాయి."

"దుప్పట్ల గురించి వచ్చాను."

సుత్తి గాల్లోనే ఆగిపోయింది. ఉగెట్ దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టి, ఒళ్ళోని పెంకులు దులుపుకుంది.

"ఎంతకి పెట్టావో గుర్తుందా?"

"ఉంది... చెప్పడానికి సిగ్గుగా ఉంది."

"నువ్వు చెప్పక్కర్లేదులే. నేను చూశాను. అట్టముక్క మీద రాసి పెట్టావు. పక్కన ఓ నవ్వు మొహం కూడా గీశావు."

సొలెన్‌కి భూమి చీలితే బావుండుననిపించింది. నిజమే... ఆ నవ్వు మొహం తనే గీసింది, లీన్ అడిగిందని.

"మా అమ్మ పెళ్ళికి ముందు చలికాలాలన్నీ కూర్చుని కుట్టిందవి," అంది ఉగెట్. కోపంగా కాదు, ఎటో చూస్తూ అంది. "పెళ్ళికి కొన్ని వాడింది, మేము పుట్టినప్పుడు కొన్ని. మంచివి నా పెళ్ళికని దాచింది. నాకు పెళ్ళి కాలేదు. అందుకని అవి అటకెక్కాయి. నేను సంతకం పెట్టాక ఆ ఇంట్లో గుడ్డపీలిక కూడా నాది కాదని నాకు తెలుసు, అంత తెలివితక్కువదాన్నేం కాదు. కానీ ఆ సామానంతా నా వాకిట్లోంచే మోసుకెళ్ళావు నువ్వు. ఒక్కసారి తలుపు తట్టి, 'ఉగెట్‌గారూ, ఇందులో మీకేమైనా కావాలా?' అని అడిగి ఉంటే నీ నోటి ముత్యాలు రాలిపోయేవా?"

"మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకనుకున్నాను... మేము కనిపిస్తే కిటికీ వేసుకునేవారు. మేమంటే మీకు గిట్టదనుకున్నాం."

"కొత్తగా వచ్చినవాళ్ళు ముందు వచ్చి పలకరించాలి. ఇక్కడ అదే పద్ధతి. మేము ఎదురొచ్చి పలకరిస్తే, ఇంట్లో ఏముందో తొంగిచూడ్డానికి వచ్చారంటారు. మీరు వస్తారు వస్తారని ఆపిల్ కేకు కూడా చేశాను. వారం రోజులు అదే తిన్నాను నేను."

సొలెన్ ఇక ఆపుకోలేకపోయింది. గుమ్మంలో నిలబడే ఏడ్చింది.

"తప్పేనండీ... మాకు ఎప్పుడూ అటక ఉండేది కాదు. రెండు సంచులతో ఇళ్ళు మారేవాళ్ళం. వదిలేసిన వస్తువంటే ఎవరికీ అక్కర్లేదనే అర్థమనుకున్నాను. నాకు అంతే తెలుసు. ఆ దుప్పట్లు వెతికి తెస్తానని అబద్ధం చెప్పలేను, కొన్నవాళ్ళెవరో కూడా తెలీదు. కానీ అటక మీద ఇంకా సగం సామాను ఉంది. వచ్చి చూడండి. మీ ఇష్టమొచ్చింది తీసుకోండి. మేము ఇల్లు అమ్మేసేలోపు రండి. తర్వాత వచ్చేవాళ్ళు ఎలాంటివాళ్ళో..."

"అమ్మేస్తారా?" ఉగెట్ చురుగ్గా చూసింది. "ఇది నన్ను బెదిరించడమా?"

"కాదండీ. ఉన్న మాట."

"నేను ఆ గుమ్మం తొక్కను. అమ్మని తీసుకెళ్ళిన రోజు నుంచీ తొక్కలేదు. తొక్కలేకే, లోపలున్నవి ఉన్నట్టే వదిలేశాను." ఆమె మళ్ళీ సుత్తి చేతిలోకి తీసుకుంది. "ఇంక వెళ్ళు. వానలో తడవకు, పసిపిల్ల తల్లివి."

ఇంటికొచ్చి అత్తగారికి జరిగిందంతా చెప్పింది సొలెన్. గిలెన్ సంచిని మంచం మీదినుంచి తీసి మూలన పెట్టింది. "రేపటి రైలు కాకపోతే ఎల్లుండి రైలు," అంది.

మర్నాడు వాన వెలిసింది. గేటు దగ్గర చప్పుడైతే గిలెన్ వెళ్ళి చూసింది. తలకి రుమాలు కట్టుకుని, చేతికి గంప తగిలించుకుని ఉగెట్ నిలబడి ఉంది. లోపలికి రావడం లేదు, వెనక్కి పోవడం లేదు.

"మీరెవరు?" అంది ఉగెట్.

"అత్తగారిని."

"ఓహో, పిల్లని తీసుకుపోవడానికి వచ్చింది మీరేనా? ఊరంతా చెప్పుకుంటున్నారు."

"ఊరంతా అంటే ఎంతమంది? ఇక్కడ నాకు కోళ్ళు తప్ప ఎవరూ కనపడలేదు."

ఉగెట్ పెదవులు బిగించింది. ఆ బిగింపు వెనక నవ్వు ఉందో కోపం ఉందో తెలీలేదు. గిలెన్ పక్కకి జరిగి, చెయ్యి అందించింది. ఆ చెయ్యి పట్టుకుని ఉగెట్ గుమ్మం దాటింది.

లోపల సొలెన్ గోడకి ఆనుకుని బిక్కుబిక్కుమంటూ నిలబడింది. ఉగెట్ పొయ్యిని చూసింది, నేల చెక్కల్ని చూసింది, గీకిన రాతి గోడ మీద వేళ్ళతో తడుముకుంటూ నడిచింది. మెట్ల పక్కన ఒకచోట పాత గోడకాగితం ముక్క అలాగే ఉంది. నీలం పువ్వులవి, వెలిసిపోయాయి.

"ఇదెందుకు గీకలేదు?"

"చేతులు రాలేదండీ. ఎవరో ముచ్చటపడి అతికించుకున్నారనిపించింది."

"ఎవరో కాదు. నేనూ, మా నాన్నా." ఉగెట్ వంగి దగ్గరగా చూసింది. "సరిగ్గా చూడు. పువ్వులన్నీ తలకిందులు. ఇల్లంతా అతికించాక చూసుకున్నాం. అమ్మ మా ఇద్దరితోనూ మాట్లాడ్డం మానేసింది. నాన్నేమో, మనం తలకిందులుగా నిలబడి చూస్తే సరిపోతుందిలే అని..." ఆమె నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపైపోయింది. గిలెన్ ఆమె చేతిలోంచి గంప తీసుకుని, వీపు మీద చెయ్యి వేసి నిలబడింది.

అటక మీదికి వెళ్ళే దారిలో పడకగది. లీన్ మంచం మీద కూర్చుని బొమ్మలేసుకుంటోంది. పక్కన బకెట్లో ఇంకా చుక్క పడుతూనే ఉంది. పిల్ల దగ్గింది. ఉగెట్ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఈ బకెట్ ఏంటి?"

"కప్పు కారుతోంది కదా," అంది లీన్, పెద్దవాళ్ళకి ఇది కూడా తెలీదా అన్నట్టు. "నిన్న నా దిండు మీద కూడా పడింది."

ఉగెట్ మొహం ఎర్రబడింది. సొలెన్ వైపు తిరిగి, "ఇది మా అమ్మ గది. మేం ముగ్గురం పుట్టింది ఈ గదిలో," అంది. "ఈ గదిలో చిన్నపిల్ల మీద నీళ్ళు పడుతున్నాయా? నాకెందుకు చెప్పలేదు?"

"పరంజా మాట ఎత్తొద్దని..."

"ఎవరన్నారు?"

"నేనే," అంది గిలెన్.

"మీరు బాగానే అన్నారు. నేనే మొండిదాన్ని. రెజిస్‌కి ఫోన్ చెయ్యండి. ఇప్పుడే. నా క్యాబేజీ మడి తొక్కితే మాత్రం కాళ్ళు విరగ్గొడతానని చెప్పండి. ఏదీ, పిల్ల కోటు ఎక్కడ? కప్పు విప్పితే ఇక్కడెలా ఉంటుంది? నా ఇంట్లో పొయ్యి పక్కనే చిన్న గది ఉంది, పొడిగా ఉంటుంది."

"దాన్ని నేను చూసుకోకపోతే నాకు నిద్ర పట్టదు," అంది గిలెన్ గబుక్కున.

"అయితే మీరూ రండి. గురక పెట్టరు కదా?"

అటక మీది నుంచి ఉగెట్ ఒక్క కాఫీ మర మాత్రం తీసుకుంది. మిగతావి ఉండనీ, తీరిగ్గా వచ్చి చూస్తానంది.

సిప్రియాన్ పని నుంచి వచ్చేసరికి ఉగెట్ పెరట్లో క్యాబేజీలు వేళ్ళతో సహా పెళ్ళగించి పక్క మడిలోకి మారుస్తోంది. అతనికి ఏమీ అర్థం కాలేదు. సొలెన్ చెప్పింది విని, ఆమె ముందుకొచ్చాడు. "నిన్న ఏజెంటుకి చెప్పేశాను, ఇల్లు చూడ్డానికి రమ్మని. నీకు చెప్పకుండా. నువ్వు ఏడుస్తుంటే చూడలేక... ఇప్పుడే వద్దని చెప్తాను." అని అక్కడే, ఆమె ఎదుటే ఫోన్ చేశాడు. తర్వాత పార తీసుకుని ఉగెట్ దగ్గరికి వెళ్ళాడు.

గిలెన్ కోడలి చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని తిప్పి చూసింది. సున్నానికి పగిలిన గీతలు, చివర్లు అరిగిన గోళ్ళు. "నేను వచ్చినప్పుడల్లా ఈ రాళ్ళనే చూశాను," అంది. "ఈ చేతుల్ని ఒక్కసారీ చూడలేదు." సంచిలోంచి తన క్రీము డబ్బా తీసి, చిన్నపిల్లకి రాసినట్టు వేలు వేలుకీ రాసింది. సొలెన్ కన్నీళ్ళు ఆ క్రీములోనే కలిసిపోయాయి.

పరంజా లేచింది. పుచ్చిన దూలాలు దిగాయి, కొత్తవి ఎక్కాయి. ఆ రోజులన్నీ ఉగెట్ వంటింట్లోంచి ఇద్దరు ముసలమ్మల వాదన వీధిలోకి వినపడేది, సూపులో వెల్లుల్లి ఎంత వెయ్యాలో, పిల్లకి ఎన్ని చుట్లు మఫ్లర్ కట్టాలో. మధ్యలో లీన్ కిలకిలా నవ్వేది. దగ్గు తగ్గింది. ఆ నవ్వు విన్నప్పుడల్లా సొలెన్ సున్నం కలుపుతున్న పారని ఆపి, ఒక్క నిమిషం అలా వినేది.

కప్పు చట్రం పూర్తయిన రోజున, వడ్రంగుల పద్ధతి ప్రకారం, రెజిస్ పచ్చని కొమ్మకి పువ్వులు కట్టించి తెచ్చాడు. శిఖరాన కట్టాలి, తర్వాత ఇంటివాళ్ళు పనివాళ్ళకి వైను పొయ్యాలి. ఊళ్ళో వాళ్ళందరూ పెరట్లోకి వచ్చారు, ఎవరూ పిలవకుండానే. కొమ్మలో పువ్వులన్నీ ఉగెట్ పెరట్లోవే.

"మీరే కట్టండి," అని రెజిస్ కొమ్మ సొలెన్ చేతికిచ్చాడు.

ఆమె భయపడుతూనే పరంజా ఎక్కింది. పైకి వెళ్ళేసరికి గాలి, కొండలు, పొగ లేస్తున్న చిమ్నీలు... కాళ్ళ కింద కొత్త దూలాల వాసన. ఇది తన ఇల్లు. ఇంక ఎవరూ పొమ్మనరు. కొమ్మని శిఖరానికి ఆనించింది.

"అటు కాదు," అని కింద నుంచి ఉగెట్ కేక వేసింది. "ఇటు తిప్పు. నా వంటింట్లోకి కనపడాలి. ఉండు, లోపలికెళ్ళి చూసి చెప్తాను."

ఉగెట్ వంటింట్లోకి నడిచింది. వెనకే గిలెన్ కూడా వెళ్ళింది. ఇద్దరి తలలూ పక్కపక్కనే కిటికీలో కనిపించాయి.

"బాగానే ఉంది, వదిలెయ్యండి. పిల్ల పడిపోతుంది," అంది గిలెన్.

"మీ కోడలు పడదు. ఇంకాస్త ఎడమకి, సొలెన్."

సొలెన్ కొమ్మని ఇంకాస్త ఎడమకి జరిపింది.